జోజి చెప్పిన పంకా ఉదాహరణ

మల్కాపురంలో జోజి మాట వస్తే అందరూ ముందుగా ఎత్తుకునేది అతని హస్తవాసి. బోనెట్టు మీద చెయ్యి వేస్తే చాలు, ఇంజను మాట వింటుందట. పని నేర్చుకునే శ్రమ పడని వాళ్లు పని తెలిసినవాడికి తగిలించే బిరుదు ఇది. హస్తవాసి అనేస్తే ఇంక అవతలివాడు ఏం చదివాడో, ఎన్నిసార్లు చెయ్యి కాల్చుకున్నాడో అడగక్కర్లేదు. జోజికి ఆ మాట వింటే ఒళ్లు మండేది. అతని హస్తవాసి అంతా చొక్కా జేబులో, నూనె మరకలతో నల్లబడిన ఓ నోటు పుస్తకంలో ఉండేది.

పదకొండేళ్లు అతను పోర్టులో ఓ సరుకుల కంపెనీ ఫోర్కులిఫ్టులు బాగు చేశాడు. బరువులెత్తే ఆ బళ్లకు క్లచ్ ఉండదు. ఇంజనుకీ గేరు బాక్సుకీ నడుమ, గుమ్మడికాయంత ఉక్కు డొల్ల ఒకటి ఉంటుంది. దాని పేరు టార్క్ కన్వర్టర్. లోపల నిండా నూనె. ఆ నూనెలో ఎదురెదురుగా రెండు రెక్కల చక్రాలు. ఇంజను తిప్పే చక్రం నూనెను విసురుతుంది. ఆ విసురుకి రెండోది తిరిగి బండిని నడుపుతుంది. రెండింటికీ ఎక్కడా ఇనుముతో ఇనుము తగలదు. విశాఖపట్నంలో మెకానిక్కులు దాన్ని విప్పడానికి భయపడేవారు. జోజి మాత్రం, కంపెనీ పారేసిన ఓ ఇంగ్లీషు మాన్యువల్ తెచ్చుకుని, మల్కాపురం చర్చిలో ఫాదర్ గారి చేత రోజుకో పేజీ చొప్పున చదివించుకుని, బొమ్మలు నోటు పుస్తకంలో దించుకుని నేర్చుకున్నాడు. ఫాదర్ గారికి బైబిలు తరవాత అంత శ్రద్ధగా చదవవలసి వచ్చిన పుస్తకం అదొక్కటే అయ్యుంటుంది.

తరవాత ఆ కంపెనీ మూతపడింది. జోజి రిఫైనరీ గోడ వెనక ఓ రేకుల షెడ్డు వేసుకున్నాడు. వచ్చేవన్నీ లారీలు, జీపులు, స్కూటర్లు. కన్వర్టర్ ఉన్న బండి ఊళ్లో ఒక్కటే. అది రొయ్యల బోట్ల గురునాథరావు గారి అమెరికా కారు, ఇంపాలా.

1982 వేసవిలో ఓ మధ్యాహ్నం ఆ షెడ్డు ముందు జీపు ఆగింది. దిగినాయన పేరు శ్రీరామ్మూర్తి. స్టీలు ప్లాంటు నేల చదును చేయడానికి వచ్చిన ఓ కాంట్రాక్టు కంపెనీలో యంత్రాల ఇంజనీరు. గుంటూరు వైపు మనిషి, మాట క్లుప్తం.

"మా దగ్గర మట్టెత్తే లోడర్లు పదిహేనున్నాయి. అన్నిట్లో టార్క్ కన్వర్టర్లే. మద్రాసు నుంచి మనిషి వచ్చేదాకా నాలుగు పడి ఉన్నాయి. నువ్వు విప్పుతావని విన్నాను."

"విప్పుతాను సార్. బిగిత్తాను కూడా," అన్నాడు జోజి.

ఆయన నవ్వలేదు. "చేసిన పని ఏదైనా చూపించగలవా?"

జోజి ఇంపాలా పేరు చెప్పాడు. ఆ వారమే అది షెడ్డుకి రానుంది, కన్వర్టర్ దగ్గర నూనె కారుతోంది. "అయితే రెండు వారాలాగి సోమవారం వస్తాను. బండి నడిపి చూస్తాను. నువ్వేం చేశావో, ఎందుకు చేశావో చెప్పు. నచ్చితే మా లోడర్ల షెడ్డు నీ చేతికిస్తాను. పర్మనెంటు," అని ఆయన ఓ చిన్న పుస్తకంలో తేదీ రాసుకున్నాడు. తనలాగే పుస్తకంలో రాసుకునే మనిషిని చూసి జోజికి ప్రాణం లేచొచ్చింది. పదిహేను కన్వర్టర్లు! స్కూటర్ల కార్బురేటర్లు ఊదుకుంటూ ముసలివాడైపోతానేమోనని అతనికి నాలుగేళ్లుగా లోపల ఒకటే గుబులు.

ఇంపాలా వచ్చింది. సీలు మార్చాడు, నూనె మార్చాడు. బుధవారానికల్లా ఎనిమిది సిలిండర్ల ఇంజను పక్కనే నిలబడితే తప్ప వినపడనంత మెత్తగా తిరుగుతోంది. గేరు మీట డి అక్షరం దగ్గరికి జరిపితే కారు ఎవరో వెనక నుంచి అరచేత్తో నెట్టినట్టు కదులుతోంది. సోమవారానికి ఇంకా పన్నెండు రోజులుంది. జోజి చెయ్యవలసింది ఒక్కటే, ఆ కారుని ముట్టుకోకుండా ఉండడం.

గురువారం ఉదయం గురునాథరావు వచ్చాడు. శ్రీకాకుళం వైపు పల్లెలో వ్యవసాయం వదిలి రొయ్యల ట్రాలర్లలో దిగి నాలుగు బోట్ల యజమాని అయిన మనిషి. తెల్ల పంచె, తెల్ల బూట్లు. వెనక డ్రైవరు అప్పలసూరి ఓ పొడుగాటి చెక్కపెట్టె భుజాన మోసుకొచ్చాడు.

"జోజీ! ఇప్పు. అమెరికా నుంచొచ్చింది," అన్నాడు గురునాథరావు.

పెట్టెలో మైనం కాగితం చుట్టిన క్యామ్ షాఫ్ట్ ఉంది. దాంతోపాటు పదహారు కొత్త వాల్వు స్ప్రింగులు, వాల్వులనెత్తే పదహారు లిఫ్టర్లు. ఇంజను కడుపులో తిరిగే ఈ కడ్డీ మీద కోడిగుడ్డు ఆకారంలో బుడిపెలుంటాయి. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరుచుకుని ఉండాలో ఆ బుడిపెలే చెబుతాయి. ఈ కడ్డీ మీద బుడిపెలు మామూలు వాటికన్నా ఎత్తుగా, బలిసి ఉన్నాయి. పందేల కార్లలో వేసేది. మల్కాపురం నుంచే వెళ్లి ఓడలో యంత్రాలకి నూనె పట్టే ఆయిలర్‌గా పనిచేస్తున్న ఆనందకుమార్ ఏదో అమెరికా రేవులో ఇంపాలా ఒకటి పులిలా గుర్రుమనడం విని వచ్చి చెప్పాడట. గురునాథరావు అక్కడికక్కడే సిగరెట్టు పెట్టె వెనక రాయించి ఇచ్చాడు: అన్నిటికన్నా పెద్దది తే.

"దీనికి తగ్గ కన్వర్టర్ తెచ్చేడా బాబూ?" అని అడిగాడు జోజి.

"కన్వర్టర్ ఉన్నాదిగదా కార్లో?"

"ఉన్నాది. ఇది ఏరే, అది ఏరే. దీనికి అది సరిపడదు."

"అమెరికా కారుకి అమెరికా సామాను సరిపడదేటి?" గురునాథరావు నవ్వాడు. "బిగించీ. ఊరంతా ఇనాల."

ఇక్కడ జోజి తప్పు కూడా ఉంది, దాచి లాభం లేదు. వద్దని గట్టిగా పట్టుబట్టవలసింది. కానీ అతని చేతులు అప్పటికే ఆ మైనం కాగితాన్ని విప్పేస్తున్నాయి. అలాంటి కడ్డీని అతను బొమ్మల్లో తప్ప చూడలేదు. బుడిపె మీద బొటనవేలు పెట్టి నున్నగా జారుతుంటే, ఇది తిరిగితే ఎలా ఉంటుందో ఒక్కసారి వినాలనిపించింది. విని, మళ్లీ పాతది పెట్టేయడానికి టైముంది కదా అనుకున్నాడు.

మూడు రోజులు పని. రేడియేటరు దించి, ముందు మూత తీసి, పాత కడ్డీని ఎక్కడా గీసుకోకుండా చంటిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులతో బయటికి లాగాడు. కొత్తదానికి గ్రీజు పట్టించి అంత మెల్లగానూ లోపలికి తోశాడు. చైను చక్రాల మీద చుక్కకి చుక్క ఎదురుగా ఉండేలా చూసి ఎక్కించాడు. స్ప్రింగులు మార్చాడు. పాత కడ్డీకి నూనె రాసి, గుడ్డ చుట్టి, బల్ల కింద గోనెసంచిలో దాచాడు.

ఇంజను స్టార్టు చేసే రోజున గురునాథరావు కొబ్బరికాయ, హారతి పళ్లెం తెచ్చాడు. పదీ పద్దెనిమిదికి ముహూర్తమట. స్టార్టు చేసి, ఓ క్షణం తిప్పి ఆపేయాలి, హారతిచ్చి, కాయ కొట్టి, మళ్లీ స్టార్టు చేయాలి.

"ఆపడానికి ఒల్లకాదు బాబూ," అన్నాడు జోజి. "కొత్త క్యామ్. మొదట ఇరవై నిమిషాలు రెండు వేల చుట్ల మీద తిరగాల. నెమ్మదిగా తిరిగినా, ఆగినా బుడిపెలు అరిగిపోతాయి."

"ఇరవై నిమిషాలు ఆ గోలలో హారతేటిరా?"

"దేవుడికి చెవుడు నేదుగదా బాబూ," అన్నాడు అప్పలసూరి. యజమాని చురుక్కున చూడడంతో నిమ్మకాయలు టైర్ల కింద సర్దే పనిలో పడిపోయాడు.

ఇరవై నిమిషాలూ షెడ్డు రేకులు అదిరాయి. గురునాథరావు చెవుల్లో వేళ్లు పెట్టుకుని, మోచేత్తో హారతి పళ్లెం ఆన్చుకుని నిలబడ్డాడు. అప్పుడు జోజి ఆక్సిలేటరు మెల్లగా వదిలాడు. మెత్తటి ఇంజను ఇంక లేదు. గడ-గడ-గడా, గడ-గడ-గడా అని, కుంటి గుర్రం పరిగెత్తినట్టు కారంతా ఊగుతూ కొట్టుకుంటోంది. వీధిలో జనం పోగయ్యారు. గురునాథరావు కళ్లలో నీళ్లొచ్చాయి. పొగ వల్ల అని తరవాత అన్నాడు.

"పద. యారాడ కొండెక్కుదాం," అని వెనక సీట్లో కూర్చున్నాడు.

అప్పలసూరి మీట డి లోకి జరిపాడు. ఇంజను గుక్క పట్టి ఆగిపోయింది. మళ్లీ స్టార్టు, మళ్లీ డి, మళ్లీ ఆగింది. నాలుగోసారి జోజి ఐడ్లింగ్ స్క్రూ తిప్పి ఇంజను స్పీడు పెంచాడు. ఈసారి కారు తన్ను తిన్న దున్నపోతులా ముందుకి ఎగిరి, గుమ్మంలో నూనె డ్రమ్ముని గుద్ది, రోడ్డు మీదికి వచ్చింది.

కొండ రోడ్డు ఎక్కడం మొదలుపెట్టాక అసలు సంగతి బయటపడింది. కొత్త క్యామ్ నిమిషానికి రెండు వేల ఆరు వందల చుట్లు దాటితేనే మేలుకుంటుంది. ఆ కింద దానికి బలం లేదు. పాత కన్వర్టర్ ఏమో ఇంజనుని పదిహేడు వందల దగ్గరే పట్టేసి, ఊఁ, ఇక లాగు అంటుంది. లాగడానికి ఇంజను దగ్గర ఏమీ లేదు. ఇంత శబ్దం చేస్తున్న కారుని సిమెంటు లారీ దాటిపోయింది. మలుపులో ఓ చేపల బుట్ట సైకిలు కూడా దాటిపోయింది. సైకిలు తొక్కుతున్న మనిషి వెనక్కి తిరిగి, "తోయాలేటి బాబూ?" అని మర్యాదగా అడిగాడు.

దిగేటప్పుడు బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుంది. పవర్ బ్రేకులకి కావలసిన గాలి పీల్పు ఈ క్యామ్‌తో ఇంజను ఇవ్వలేకపోతోంది. అప్పలసూరి రెండు కాళ్లతో తొక్కి ఆపాడు. కిందికొచ్చాక దిగి, టైరు పక్కన కూలబడ్డాడు. "జోజి బావా, ఈ బండి ఎక్కదు, దిగదు. దీన్ని ఏటంతారు?" అన్నాడు.

సోమవారానికి ఇక వారం.

మర్నాడు జోజి గురునాథరావుకి చెప్పడానికి ప్రయత్నించాడు. నోటు పుస్తకం తెరిచి, పదిహేడు వందలు ఇక్కడ, రెండు వేల ఆరు వందలు ఇక్కడ, నడుమ తొమ్మిది వందలు ఖాళీ అని గీత గీసి చూపించాడు. దీనికి మూడు వేల దగ్గర పట్టే కన్వర్టర్ కావాలి. లేదా పాత క్యామ్ తిరిగి పెట్టాలి. పెట్టడానికి మూడు రోజులు చాలు. గురునాథరావు గీతను కాసేపు చూసి, పుస్తకం మూసి జోజి జేబులో పెట్టాడు.

"లెక్కలు నాకు సెప్పకు. పాతదానికి పోయే మాటే నేదు. ఊరంతా ఇన్నాది. ఇప్పుడు తీసీసేనంటే గురునాథం అమెరికా సామాను బిగించలేకపోనాడంతారు."

"ఊరు ఇన్నాది గానీ, సైకిలు దాటీసింది కూడా సూసింది బాబూ."

"నీ హస్తవాసి మంచిది. నువ్వే ఏదో సెయ్యి."

ఆ సాయంత్రం జోజి అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. భార్య ఆరోగ్యమ్మ విషయమంతా కూపీ లాగింది. సోమవారం తేదీ ఆమెకి అతనికన్నా బాగా గుర్తుంది. గోడమీద చర్చి క్యాలెండర్లో ఆ అంకె చుట్టూ కాటుకతో సున్నా కూడా చుట్టింది.

"ఆ బాబు రొయ్యల మనిషి. నువ్వు నంబర్లు సెప్తే ఆయనకేటి తెలుత్తాది? ఆయనకి తెలిసిన దాంతో సెప్పు. ఫాదర్ గారు సెప్పరేటి, ఇత్తనాలని, వలలని?"

ఎదుటివాడి భాషలో చెబితే ఎంతటివాడైనా అర్థం చేసుకుంటాడన్నది బడిలోనూ గుడిలోనూ అందరూ వల్లించే మాట. అది నిజం కూడా. అర్థం చేసుకుంటాడు. అర్థం చేసుకున్నాక ఊరికే కూర్చోడు. ఆ రెండో సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

శుక్రవారానికల్లా జోజి గేరు బాక్సు దించి కన్వర్టర్ బయటికి తీశాడు. దాని మీద చెక్కిన నంబరు రాసుకోవాలి, పాత క్యామ్ తిరిగి ఎక్కించే ముందు ఓసారి కడగాలి. గురునాథరావు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా సోమవారానికి పాత క్యామ్‌తో కారు మెత్తగా తిరగవలసిందేనని నిశ్చయించుకున్నాడు. ఇంజనీరు వెళ్లిపోయాక కావాలంటే ఆ పులి కడ్డీని మళ్లీ బిగించేద్దాం అనుకున్నాడు. శనివారం పొద్దుటికి పాత కడ్డీ దాని చోట్లో ఉంది. అప్పుడే గురునాథరావు దిగాడు. గోనెసంచిలోంచి ఇప్పుడు అమెరికా కడ్డీ కొస తొంగి చూస్తోంది. ఆయన దాన్ని చూశాడు, ఎర్రబడ్డాడు.

జోజి ఇక ఆగలేకపోయాడు. "బాబూ, మొన్న మీ మూడో బోటుకి పెద్ద పంకా ఏయించినారు గుర్తుందా?"

నీళ్లలో తిరుగుతూ బోటుని నెట్టే ప్రొపెల్లరుని హార్బరులో అందరూ పంకా అనే అంటారు. గురునాథరావు ముఖం ఒక్కసారిగా మారిపోయింది. "ఎందుకు గుర్తుండదు? ఇంజను లేవనేదు. పొగ కక్కింది గానీ స్పీడు అందుకోనేదు."

"ఎందుకందుకోనేదు?"

"పంకా పెద్దదైపోనాది. నీటిని ఎక్కువ పట్టీసింది. ఇంజనుకి బలమొచ్చే స్పీడు దాకా పోనివ్వనేదు."

"అదే బాబూ! ఈ కన్వర్టర్ పంకా లాంటిదే. ఇందులో నీళ్లకి బదులు నూనె. మీ అమెరికా క్యామ్‌కి స్పీడు కావాల, ఈ పంకా దాన్ని ముందే పట్టీసింది."

గురునాథరావు కన్వర్టర్ దగ్గరికెళ్లి, వంగి, డొల్ల మెడలోంచి లోపలి రెక్కలని చూశాడు. మొదటిసారి ఆయన దాన్ని వస్తువులా కాక పనిలా చూడడం జోజి గమనించాడు. వారం రోజులుగా గుండెల మీదున్న బండ దిగినట్టయింది.

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! ఇలగ ముందే సెప్పొద్దా? నాకు పూర్తిగా అర్థమైపోనాది," అంటూ జోజి భుజం తట్టి గురునాథరావు వెళ్లిపోయాడు.

ఆదివారం జోజి, ఆరోగ్యమ్మ చర్చికి వెళ్లారు. తిరిగొచ్చేసరికి బల్ల మీద కన్వర్టర్ లేదు. కారు అక్కడున్నన్నాళ్లూ షెడ్డు రెండో తాళంచెవి అప్పలసూరి దగ్గరుంటుంది.

చీకటి పడకముందే అప్పలసూరి ఆటోలో దాన్ని తెచ్చాడు. పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి ఉంది. జోజి చూపు బొట్టు మీద ఆగలేదు. డొల్ల నడుమ చుట్టూతా, మొసలి వెన్నులా ఎగుడుదిగుడుగా కొత్త వెల్డింగు.

"ఏటిది సూరీ?"

"కంచరపాలెం లేతు షాపులో ఇచ్చినాం బావా. మా పంకాలన్నీ అక్కడే కోయించుకుంతాం." బోటుకి పంకా పెద్దదైతే హార్బరులో ఎవరూ కొత్తది కొనరు. తీసుకెళ్లి రెక్కల కొసలు వేలెడు కోయిస్తారు. ఇంజను లేస్తుంది. అది అక్కడి పద్ధతి, తాతల నాటి నుంచి కాకపోయినా ట్రాలర్లు వచ్చిన నాటి నుంచి. "బాబు దగ్గరుండి కోయించినాడు. డొల్లని రెండు సేసి, రెక్కలు ఇంత... ఇంతంటే ఇంత కోసి, మళ్లీ అతికించినారు. మంచి పనోడే బావా."

జోజి దాన్ని ఎత్తి ఊపాడు. లోపల గలగలమంది. వెల్డింగు వేడికి అంచు రెక్కలు ఊడిపోయాయి. రెండు ఇనప పట్టీల మీద ఆనించి తిప్పి చూస్తే డొల్ల అటు ఓ వడ్లగింజంత, ఇటు ఓ వడ్లగింజంత ఊగుతోంది. దీన్ని ఇంజనుకి తగిలించి రెండు వేల చుట్లు తిప్పితే గేరు బాక్సు మెడ విరిగిపోతుంది. ఇలాంటిది మరొకటి వైజాగులో కాదు కదా, మద్రాసులో కూడా లేదు.

"నాను కొయ్యమన్నానా?"

"అననేదు బావా. పంకా లాంటిదే అన్నావు," అన్నాడు అప్పలసూరి. అందులో వెటకారమేమీ లేదు. పాపం అతనికి నిజంగానే తేడా తెలియలేదు.

సోమవారం పదింటికి శ్రీరామ్మూర్తి జీపు వచ్చింది. గురునాథరావు ఆయనకన్నా ముందే, ఇస్త్రీ పంచెలో, షెడ్డు ముందు కుర్చీ వేయించుకుని కూర్చుని ఉన్నాడు. తన మెకానిక్కుని ఎవరో పెద్ద ఇంజనీరు చూడడానికి వస్తున్నాడని ఆయనకి నిజంగానే గర్వంగా ఉంది.

"బండి తిప్పు," అన్నాడు శ్రీరామ్మూర్తి.

"బండి కదలదు సార్. కన్వర్టర్ పాడైపోనాది."

ఇంజనీరు కనుబొమలు ముడిచాడు. అయినా వెళ్లిపోలేదు. "సరే. ఏం చేశావో చెప్పు."

జోజి చెప్పాడు. ఈసారి ఏ ఉదాహరణా వాడలేదు. పాత కన్వర్టర్ పదిహేడు వందల దగ్గర పడుతుంది. కొత్త క్యామ్ రెండు వేల ఆరు వందల దగ్గర మేలుకుంటుంది. దానికి మూడు వేల కన్వర్టర్ కావాలి. అది పెడితే నూనె వేడెక్కుతుంది కనుక నూనెకి ఇంకో కూలరు కావాలి. అవి లేవు కనుక పాత క్యామ్ తిరిగి పెట్టాను. క్యామ్‌లో తప్పు లేదు సార్, కన్వర్టర్‌లో తప్పు లేదు. ఒకదాని కోసం ఒకటి పుట్టినవి కావు. శ్రీరామ్మూర్తి వింటూ వింటూ నోటు పుస్తకం అడిగి తీసుకున్నాడు. గీత చూశాడు. ఆయన ముఖంలో మొదటిసారి ఏదో వెలిగింది.

"ఇది ఎక్కడ నేర్చుకున్నావు?"

"పోర్టులో సార్. ఫాదర్ గారు చదివి పెట్టేవారు."

ఇంజనీరు జేబులోంచి తన చిన్న పుస్తకం తీసి, పెన్ను మూత విప్పాడు. ఆరోగ్యమ్మ గుమ్మంలో నిలబడి ఆ పెన్ను వంకే చూస్తోంది. ఆ ఒక్క నిమిషంలో జోజి తన పదిహేను లోడర్లని వరసగా నిలబెట్టి చూసుకున్నాడు కూడా.

"మరి కన్వర్టర్ ఎలా పాడైంది?" అని ఆయన మాట వరసకి అడిగాడు.

జోజి నోరు తెరిచేలోగా గురునాథరావు లేచాడు. మంచి మనసుతోనే లేచాడు. తన జోజి గొప్పతనం ఇంజనీరుకి పూర్తిగా తెలియాలని.

"అది పాడవ్వనేదు సార్, నానే కోయించినాను. మా జోజి సెప్పినాడు గదా, ఇది బోటు పంకా లాంటిదేనని! ఎంత బాగా సెప్పినాడంటే, ఎవడూ సెప్పలేడు అలగ. లెక్కలు గిక్కలు నేవు, ఒక్క ముక్కలో అర్థమైపోనాది. పంకా పెద్దదైతే ఏటి సేత్తాం? కోత్తాం. ఈడి తెలివి వల్లే సార్ అంతా."

శ్రీరామ్మూర్తి వంగి వెల్డింగు చూశాడు, కుంకం బొట్టు చూశాడు, జోజి వంక తిరిగాడు.

"పంకా లాంటిదని నువ్వే చెప్పావా?"

"నాను కొయ్యమననేదు సార్."

"అది అడగలేదు. చెప్పావా, లేదా?"

"...సెప్పినాను సార్."

ఇంజనీరు పెన్ను మూత పెట్టాడు. ఆయనకి కోపం లేదు. కోపముంటే జోజి ఏదో ఒకటి వాదించేవాడు. "చూడు, నీకు పని తెలుసు. నాకన్నా బాగానే తెలుసేమో. కానీ అక్కడ నీ కింద నలభై మంది ఉంటారు. కంచరపాలెం వాళ్లు, హార్బరు వాళ్లు, బొగ్గు యార్డు వాళ్లు. ఒక్కడికి నువ్వు పంకా అంటే మర్నాటికి నా పదిహేను కన్వర్టర్లూ లేతు మీదుంటాయి. కంపెనీకి నేనేం జవాబు చెప్పను?" జోజి నోటు పుస్తకం తిరిగి ఇచ్చేశాడు. జీపు వెళ్లిపోయింది.

"ఏటన్నాడు? ఎప్పుడు రమ్మన్నాడు?" అన్నాడు గురునాథరావు. అందరి ముఖాలూ చూశాక నెమ్మదిగా, "నాను బాగానే సెప్పినాను గదరా?" అన్నాడు.

జోజి నోటు పుస్తకాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆరోగ్యమ్మ లోపలికెళ్లి క్యాలెండర్ మీద కాటుక సున్నాని తడి గుడ్డతో తుడిచింది. అది పోలేదు, నల్లగా అలుక్కుంది.

వారం తిరక్కుండా మద్రాసు నుంచి డిప్లొమా మనిషి వచ్చి కంపెనీ లోడర్ల షెడ్డు తీసుకున్నాడు. ఇంపాలా ఐదు నెలలు రేకుల కింద కదలకుండా పడి ఉంది. ఆనందకుమార్ మళ్లీ ఓడ ఎక్కేటప్పుడు సిగరెట్టు పెట్టె మీద జోజి తనే రాశాడు. పెద్దదనీ చిన్నదనీ ఏమీ లేదు. కన్వర్టర్ మీద చెక్కి ఉన్న నంబరు, అంతే. రెండుసార్లు రాశాడు, తప్పు పడకుండా. ఆనందకుమార్, "ఇదేటో కొంచెం ఇవరంగా సెప్పు జోజన్నా, అక్కడ అడుగుతారు," అంటే, "నంబరు సూపించు. నోరిప్పకు," అన్నాడు.

సరైన కన్వర్టరే వచ్చింది. పాత క్యామ్, పాత నంబరు కన్వర్టర్. కారు మళ్లీ పక్కనే నిలబడితే తప్ప వినపడనంత మెత్తగా తిరిగింది. యారాడ కొండ ఎక్కడా కింది గేరుకి దిగకుండానే ఎక్కి, బ్రేకు మీద బొటనవేలంత బరువుతో దిగింది. గురునాథరావు బోనెట్టు దగ్గర చెవి పెట్టి చాలాసేపు విన్నాడు.

"శబ్దం ఏదిరా?"

"ఇంతే బాబూ."

"మరి పంకా కొయ్యకూడదంటావ్. అయితే ఇది దేనిలాంటిదో సెప్పు. నాకు తెలియొద్దేటి?"

"కన్వర్టర్ లాంటిది బాబూ," అన్నాడు జోజి.

గురునాథరావు ఇంకా ఏదో వస్తుందని చూశాడు. రాలేదు. అప్పుడే శ్రీరామ్మూర్తి కంపెనీ లోడర్ ఒకటి గాజువాక వైపు రోడ్డు మీద పోతోంది. దాని మోతలో సన్నటి ఈల ఒకటి కలిసి వినిపిస్తోంది. కన్వర్టర్‌లో నూనె తక్కువైతే వచ్చే ఈల అది. ఇలాగే నడిపితే ఇంకో వారం, పది రోజుల్లో అది పడకేస్తుంది. జోజి తలెత్తి, అది మలుపు తిరిగేదాకా విన్నాడు.

"ఏటలా సూస్తన్నావ్?" అన్నాడు గురునాథరావు.

"ఏటీ నేదు బాబూ," అని జోజి కిరసనాయిలు డబ్బా దగ్గరికి లాక్కుని చేతులు కడుక్కోసాగాడు.